ఎమ్మెస్‌లో ఛాతీ చుట్టూ తాడు బిగించినట్టు నొప్పి: గ్యాస్ కాదు, గుండె కాదు అన్నాక ఏం చేయాలి?

అడిగినావిడ రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు ముప్పై నాలుగు, కోనసీమలో ఒక స్కూల్లో టీచరు. రెండేళ్ల క్రితం మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అని తేలింది. నెల రోజులుగా రొమ్ముల కింద నుంచి బొడ్డు పైదాకా ఎవరో తాడు వేసి లాగుతున్నట్టు ఉంటోంది. కొన్ని పూటలు మంట, జాకెట్టు తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. ఈసీజీ బాగుందన్నారు, గ్యాస్ మాత్రలతో తేడా లేదు, ఇంట్లోవాళ్లు "నీకు టెన్షన్ ఎక్కువైంది" అంటున్నారు. ఇది ఎమ్మెస్ వల్లేనా, తగ్గుతుందా, ఉద్యోగం మానేయాలా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తానండి. ఇది ఎమ్మెస్ వల్లే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. డాక్టర్లు దీన్ని ఎమ్మెస్ హగ్ అంటారు. నొప్పి నిజమైనదే, మీరు ఊహించుకుంటున్నది కాదు. చాలామందికి తగ్గుతుంది. పూర్తిగా పోనివాళ్లకు కూడా పని చేసుకోగలిగేంత అదుపులోకి వస్తుంది. ఉద్యోగం ఇప్పుడే మానకండి. కానీ కొత్తగా మొదలై నెల దాటింది కాబట్టి ఈ వారంలోనే మీ న్యూరాలజిస్టుకి కనబడాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఎందుకో కింద రాస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పక్షవాతం, పార్కిన్సన్స్, ఎమ్మెస్ వాళ్లే ఎక్కువ. రాజమండ్రిలో కూర్చుంటాను, అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఇళ్లకు కూడా వెళ్తాను. మందులు రాసేదాన్ని కాదు. ఇక్కడ చెప్పే మందుల పేర్లు మీరు డాక్టర్ని అడగడానికి పనికొస్తాయని చెప్తున్నాను, షాపులో కొనుక్కోవడానికి కాదు.

ఛాతీలో గానీ పొట్టలో గానీ ఏమీ లేకుండా అక్కడ నొప్పి ఎలా వస్తుందని అందరూ అడుగుతారు. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక శక్తే నరాల మీద ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. మెదడులో, వెన్నుపాములో మచ్చలు పడతాయి. పంటబోదె గట్టుకి గండి పడితే మీ చేలోకి రావాల్సిన నీళ్లు పక్క చేలో పడతాయి చూడండి, అలా మామూలు స్పర్శగా మెదడుకి చేరాల్సిన సమాచారం ఆ మచ్చ దగ్గర దారి తప్పి నొప్పిగా, బిగుతుగా, మంటగా చేరుతుంది. గుండెను, ఊపిరితిత్తులను నిజంగా ఏదీ నొక్కడం లేదు. చనుమొనల దగ్గర చర్మానికి నాలుగో డార్సల్ (వీపు భాగపు వెన్ను) నరం, బొడ్డు దగ్గర పదో నరం వస్తాయి. ఆ లెక్కన మీరు చెప్పిన పట్టీ ఆరు నుంచి తొమ్మిది మధ్య పడుతుంది. అయితే మచ్చ సరిగ్గా అక్కడే ఉండాలని లేదు. మెడ దగ్గర వెన్నుపాములో ఉన్నా ఛాతీ చుట్టూ పట్టేయవచ్చు. అందుకే చాలామందికి మొదట తీసే మెదడు ఎమ్మారై ఒక్కటీ దీనికి సరిపోదు. మెడ, డార్సల్ స్పైన్ రెండూ ఎప్పుడైనా తీశారా అని మీ రిపోర్టులు తిరగేసి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ నొప్పిలో రెండు రకాలున్నాయి. మీది ఏదో తేలకుండా మందు మారుస్తూ పోతే నెలలు గడిచిపోతాయి.

ఒకటి కండరం పట్టేయడం. పక్కటెముకల మధ్య ఉండే చిన్న కండరాలు బిగుసుకుపోతాయి. ఇది విడతలు విడతలుగా వస్తుంది. గాలి గట్టిగా పీల్చినా, పక్కకి తిరిగినా, దగ్గినా ఎక్కువవుతుంది. నొప్పి వచ్చిన సమయంలో పక్కలో చెయ్యి వేసి నొక్కితే గట్టిగా తగులుతుంది. రెండోది నరాల నొప్పి. మంట, చీమలు పాకినట్టు, బట్ట తగిలితే భరించలేకపోవడం, రాత్రి పడుకున్నాక పెరగడం దీని లక్షణాలు. ఊపిరితో దీనికి పెద్దగా సంబంధం ఉండదు. మీరు "జాకెట్టు తగిలినా" అన్నారు కాబట్టి రెండోదాని పాలు ఎక్కువనిపిస్తోంది. "తాడు లాగినట్టు" అన్నది రెండింటిలోనూ ఉంటుంది. ఇద్దరిలో ఒకరికైనా రెండూ కలిసే ఉంటాయని నా అనుభవం చెప్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు నాలుగు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపుంది, ఊపిరి పీలిస్తే మారిందా, అప్పుడు మీరు ఎండలో ఉన్నారా, అలసి ఉన్నారా. "నొప్పిగా ఉందండి" అంటే అర నిమిషంలో చీటీ రాసేస్తారు. ఈ కాగితం చూపిస్తే ఆగి అడుగుతారు.

మందులు కూడా అందుకే వేరు. నరాల నొప్పికి గబాపెంటిన్, ప్రీగాబలిన్, ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటివి రాస్తారు. కండరం బిగుసుకోవడానికి బాక్లోఫెన్, టిజానిడిన్. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఈ నొప్పి మీద దాదాపు పనిచేయవు. మన ఊళ్లలో ఏ నొప్పికైనా ఆర్ఎంపీ దగ్గరికెళ్లి ఓ ఇంజెక్షను చేయించుకుని రావడం అలవాటు కదా, ఈ విషయంలో ఆ అలవాటు మానండి. డైక్లోఫెనాక్ పదేపదే పొడిపించుకుంటే కిడ్నీలకు, కడుపుకి చేటు. కొన్నిచోట్ల డెక్సామెథసోన్ కూడా కలిపేస్తారు. అది స్టెరాయిడ్. రెండు రోజులు హాయిగా ఉండి అసలు సంగతి మరుగున పడుతుంది.

నరాల మందులు మొదలుపెట్టినవాళ్లు చేసే పని ఒకటుంది. నాలుగు రోజులు వేసుకుని, మత్తుగా ఉంది, నొప్పి తగ్గలేదు అని పక్కన పడేస్తారు. ఇవి తక్కువ మోతాదుతో మొదలై మెల్లగా పెరగాలి, ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో మత్తు సహజం. ఆ రోజుల్లో స్కూటీ నడపకండి, ముఖ్యంగా ఏటిగట్ల మీద. ఎమిట్రిప్టిలిన్‌తో నోరెండిపోవడం, మూత్రం ఆగినట్టు ఉండడం ఉంటాయి. ఎమ్మెస్‌లో ముందే మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఇంకోటి, బాక్లోఫెన్‌ని ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్, భ్రమలు వచ్చే ప్రమాదం ఉంది. గబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా మెల్లగానే తగ్గించాలి. ఊరెళ్లేటప్పుడు మందులు మరిచిపోవడం అనేది ఇక్కడ చిన్న విషయం కాదు.

ఈ వారంలోనే వెళ్లమన్నాను కదా, దానికి కారణాలు చెప్తాను. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటే అది రిలాప్స్ కావచ్చు, అంటే కొత్త మచ్చ. అలా తేలితే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకో గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. దానివల్ల కోలుకోవడం త్వరగా అవుతుంది. అంతకంటే పెద్ద ప్రశ్న, మీరు రోజూ వాడుతున్న ఎమ్మెస్ మందు సరిపోతోందా అన్నది. రిలాప్స్ అయితే దాన్ని మార్చాల్సి రావచ్చు. ఇది కాక మన దేశంలో ఎమ్మెస్ అనుకున్నవాళ్లలో కొందరికి తర్వాత ఎన్ఎమ్ఓ అనే వేరే జబ్బని తేలుతుంది. అది వెన్నుపాముని గట్టిగా పట్టుకుంటుంది, ఛాతీ పట్టేయడం అందులోనూ ఉంటుంది. ఎమ్మెస్‌కి వాడే కొన్ని మందులు దాన్ని ఇంకా ఎక్కువ చేస్తాయి. ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీ రక్తపరీక్షలు మీకు ఎప్పుడైనా చేశారో లేదో అడగండి. వెన్నుపూస టీబీ వల్ల, బీ12 బాగా తగ్గిపోవడం వల్ల కూడా ఒంటి చుట్టూ పట్టీ కట్టినట్టు రావచ్చు. ఎమ్మెస్ ఉంది కదా అని ప్రతి నొప్పినీ దాని ఖాతాలో వేసేయకూడదు.

అంతర్వేది వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒకాయనకు ఇదే పట్టీ నొప్పి ఉండేది. ఒకసారి ఎడమ పక్కన మాత్రమే మంట మొదలైంది. మామూలుదే అనుకుని ఊరుకున్నాడు. మూడోనాటికి అదే వరసలో నీటి పొక్కులు లేచాయి. సర్పి. ఎమ్మెస్‌కి వాడే కొన్ని మందులతో సర్పి వచ్చే అవకాశం పెరుగుతుంది, దానికి మందు మొదట్లోనే పడాలి. ఒకే పక్కన మంట వస్తే రోజూ అద్దంలో చర్మం చూసుకోండి. డైమిథైల్ ఫ్యూమరేట్ మొదలుపెట్టినవాళ్లకు మొదటి నెలల్లో కడుపులో నొప్పి, ఒళ్లు ఎర్రబడి వేడెక్కడం ఉంటాయి, అది వేరు. అన్నంతో పాటు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, ఒక కాలి పిక్క వాచి దానితో పాటు ఛాతీనొప్పి ఉంటే, కాళ్లు రెండూ బలం తప్పితే, మూత్రం రాకుండా ఆగిపోతే 108కి ఫోన్ చేయడమే. పోయిన నెల ఈసీజీ బాగుంది అన్నది ఈ రోజుకి పనికిరాదు.

ఇక ఇంట్లో చేసుకోవాల్సినవి. మన డెల్టాలో ఉన్నవాళ్లకి మొదటి శత్రువు ఉక్కపోత. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా మైలిన్ పోయిన నరంలో సంకేతం తడబడుతుంది. జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లోనే, వ్యాయామం చేశాక చూపు మసకబారడం రూపంలో, ఇది గమనించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. మంచి సంగతి ఏంటంటే ఒళ్లు చల్లబడితే ఇది తగ్గిపోతుంది, దీనివల్ల కొత్తగా మచ్చలు పడవు. పుస్తకాల్లో తడిగుడ్డ కప్పుకోమని రాస్తారు. పొడి ఎండలుండే ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాల్లోనే తేమ కాబట్టి తడిగుడ్డ ఆరదు, ఆరకపోతే చల్లబరచదు, పైగా కాసేపటికి అదే వేడెక్కి చిరాకు పుట్టిస్తుంది. తడిగుడ్డ వేసుకుంటే ఎదురుగా ఫ్యాను ఉండాలి. లేకపోతే ఐసు కావాలి.

ఐసుకి మనకి కరువు లేదు కదండి. ఆ రొయ్యల చెరువాయన చేసిన ఏర్పాటు నాకు భలే నచ్చింది, అప్పట్నుంచీ అందరికీ చెప్తున్నాను. చేపలు, రొయ్యలు పంపే ధర్మాకోల్ పెట్టె ఒకటి ఇంట్లో పెట్టుకోండి. నీళ్ల సీసాలు గడ్డకట్టించి అందులో పెడితే కరెంటు పోయినా సాయంత్రం దాకా చల్లగా ఉంటాయి. తుండులో చుట్టి మెడ వెనక, చంకల్లో కాసేపు పెట్టుకోవాలి, చర్మం మీద నేరుగా పెట్టకూడదు. స్కూలుకి బయల్దేరే ముందు చల్లటి నీళ్లతో స్నానం చేస్తే ఆ చల్లదనం కొంతసేపు కాపాడుతుంది. ఆయన మధ్యాహ్నం మేత చల్లే పని తమ్ముడికి ఇచ్చేసి తెల్లవారుజామున, సాయంత్రం పని తను పెట్టుకున్నాడు. నొప్పి పోలేదు గానీ పని మానాల్సి రాలేదు. మే నెల పెళ్లిళ్లలో పట్టుచీర కట్టుకుని భోజనాల పందిట్లో నిలబడ్డం మాత్రం మీకు ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. అక్షింతలు వేసి వచ్చేయడమే.

రెండో శత్రువు గురించి ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు. మూత్రంలో ఇన్ఫెక్షన్. ఎమ్మెస్‌లో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం మామూలే, అక్కడ ఇన్ఫెక్షన్ చేరితే పాత లక్షణాలన్నీ ఒక్కసారి లేస్తాయి. పాలకొల్లు దగ్గర ఒకావిడకి ఛాతీ పట్టేయడం ఎక్కువైందని నన్ను పిలిచారు. కాళ్లు కూడా బిగుసుకున్నాయి, కొంచెం వెచ్చబడినట్టు ఉంది. మూత్రంలో మంటేమైనా ఉందా అంటే లేదంది. వెన్నుపాములో స్పర్శ తగ్గినవాళ్లకి మంట తెలియకపోవచ్చు. పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది, దానికి మందు వాడాక ఛాతీ కూడా సర్దుకుంది. టీచర్ కాబట్టి అడుగుతున్నాను, స్కూల్లో బాత్రూము బాగోదని పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉంటున్నారా? అలా ఉంటే ముందు అది మార్చాలి. నొప్పి పెరిగిన ప్రతిసారీ మూత్రపరీక్ష చవకైన పని, ముందు అది చేయించండి. స్టెరాయిడ్ ఇచ్చే ముందు కూడా ఇన్ఫెక్షన్ లేదని చూసుకుంటారు. మలబద్ధకం కూడా కండరాలను బిగిస్తుంది. కడుపు నిండా ఒక్కసారే తినకుండా కొంచెం కొంచెంగా తినడం మేలు, పొట్ట ఉబ్బితే ఆ పట్టీ ఇంకా బిగిసినట్టే ఉంటుంది.

బట్టల విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఎక్కువమందికి వదులు బట్టలు హాయి. లంగా బొందు బిగించి కట్టడం, బిగుతు జాకెట్టు, లోపలి ఎలాస్టిక్ ఈ పట్టీ మీదే పడతాయి. వెడల్పు ఎలాస్టిక్ లంగా, మెత్తటి నూలు బట్ట, ముందు హుక్కులున్న వదులు జాకెట్టు కుట్టించుకోండి. చుడీదారుకి అనుమతి ఉంటే ఇంకా నయం. కానీ కొందరికి దీనికి పూర్తిగా రివర్సు. గట్టిగా ఏదైనా చుట్టుకుంటేనే నొప్పి తగ్గుతుంది. మంటకి బదులు మామూలు ఒత్తిడి మెదడుకి అందుతుంది మరి. నా దగ్గరికొచ్చే ఒకమ్మాయి నొప్పి రాగానే నూలు తుండు పొట్ట చుట్టూ చుట్టి కాసేపు కూర్చుంటుంది. అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే కూడా కొందరికి ఊరట. మీరు రెండూ ప్రయత్నించి చూడండి, ఏది నప్పితే అదే. చుట్టుకుంటే గాలి పీల్చడానికి అడ్డురాకూడదు, రాత్రి నిద్రలో విప్పేయాలి.

కాపడం మాత్రం నన్నడిగితే వద్దు. మన పెద్దవాళ్లకి నొప్పంటే ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టడమో వేడినీళ్ల సంచో గుర్తొస్తుంది. కండరం పట్టేసినవాళ్లకి గోరువెచ్చటి కాపడం కొంచెం హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ స్పర్శ తగ్గిన చోట ఎంత వేడో తెలియదు. వీపంతా బొబ్బలెక్కిన తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చినవాళ్లున్నారు. పెట్టక తప్పదంటే స్పర్శ బాగున్న మనిషి ముందు తన ముంజేతి మీద చూసి, మందపాటి గుడ్డ వేసి, పక్కనే ఉండి కాసేపు పెట్టాలి. కొబ్బరినూనెతో మెత్తగా రాయడం పర్లేదు. వెన్ను మీద తొక్కించడం, నరాలు తీస్తామని విరిపించడం, వాతలు పెట్టించడం జోలికి పోవద్దు.

నొప్పి వచ్చిన నిమిషంలో చేయాల్సింది ఊపిరి. ఛాతీ బిగుసుకోగానే భయంతో చిన్న చిన్న ఊపిర్లు తీస్తాం, దాంతో కండరాలు ఇంకా బిగుస్తాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి, భయం పెరుగుతుంది. వెనక్కి ఆనుకుని కూర్చోండి. ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టి ఆ చెయ్యి లేచేలా ముక్కుతో గాలి పీల్చండి, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు. పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెడుతూ వదలండి. భుజాలు లేవకూడదు. నొప్పి లేని సమయంలో రోజూ రెండు పూటలా చేస్తేనే నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు మాట వింటుంది. కండరం పట్టే రకమైతే దీనికి తోడు కుర్చీలో కూర్చుని ఒక చెయ్యి తలమీదుగా పైకెత్తి రెండో పక్కకి మెల్లగా ఒరగడం, పక్కటెముకలు సాగుతున్నట్టు తెలిసేదాకా. పొద్దున్నే చల్లటి వేళ చేయండి. తల ముందుకి వంచినప్పుడు వెన్నులో కరెంటు పాకినట్టు ఉంటే అది కూడా ఎమ్మెస్‌లో ఉండేదే, డాక్టరుకి చెప్పండి, మెడ వంచే వ్యాయామాలు అప్పటిదాకా ఆపండి. రాత్రి పక్కకి తిరిగి దిండు కౌగిలించుకుని, మోకాళ్ల మధ్య ఇంకోటి పెట్టుకుని పడుకుంటే చాలామందికి నిద్ర పడుతుంది.

ఇంట్లోవాళ్ల "టెన్షన్" మాట గురించి. టెన్షన్ వల్ల, అలసట వల్ల ఈ నొప్పి పెరుగుతుంది, అది నిజం. టెన్షన్ వల్ల పుట్టదు. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి మీవారినో అత్తగారినో వెంట తీసుకెళ్లి ఎమ్మారైలో మచ్చ చూపించమని అడగండి. నేను ఇంటికెళ్లి గంటసేపు చెప్పినదానికంటే ఆ ఫిల్ము ఒక్కటీ ఎక్కువ పనిచేస్తుంది.

ఉద్యోగానికి వస్తే, నిలబడి చెయ్యెత్తి బోర్డు మీద రాయడం ఈ నొప్పికి కష్టం. కూర్చుని చెప్పే వెసులుబాటు, ఫ్యాను కింద గది, మధ్యాహ్నం పీరియడ్లు తగ్గించి పొద్దున పీరియడ్లు పెట్టమని హెడ్మాస్టరుని అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది, కాబట్టి అది దయ అడుక్కోవడం కాదు. సదరం సర్టిఫికెట్‌కి శాతం ఎంత వస్తుందన్నది పరీక్ష చేసే బోర్డు చూసి చెప్తుంది, ఆస్పత్రి కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. మందు సర్దుకోవడానికి కొన్ని వారాలు సెలవు కావాలంటే పెట్టుకోండి. రాజీనామా ఆలోచన ఆ తర్వాత.

మీరు ఇప్పుడు వాడుతున్న ఎమ్మెస్ మందు పేరు, ఎమ్మారైలో డార్సల్ స్పైన్ ఉందో లేదో రాయలేదు. అవి, పైన చెప్పిన మూడు నాలుగు రోజుల కాగితంలో రాసుకున్నవి ఇక్కడ పెడితే మీకు ఏ వ్యాయామాలు నప్పుతాయో ఇంకొంచెం వివరంగా రాస్తాను.